గంటకు వెయ్యి రూపాయల టర్ఫ్: ఐజ్వాల్ లాంటి జట్టు ఇక్కడ తయారవుతుందా?

టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి గ్రౌండు, మంచిదో కాదో తేల్చడానికి ఒక టేపు, ఒక బంతి చాలు. నెట్టు కట్టిన స్తంభానికి 2 మీటర్ల ఎత్తున గుర్తు పెట్టండి. బంతి అడుగు ఆ గుర్తుకు సమానంగా ఉండేలా పట్టుకుని, విసరకుండా, తిప్పకుండా వదిలెయ్యండి. పక్కనొకరు ఫోన్‌లో స్లో మోషన్ తీస్తే ఎంత లేచిందో స్పష్టంగా కనబడుతుంది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పై గ్రేడు టర్ఫ్ మీద ఆ బంతి 60 నుంచి 85 సెంటీమీటర్ల వరకు లేవాలి. రెండో గ్రేడుకు 100 దాకా ఒప్పుకుంటారు. అమలాపురం చుట్టుపక్కల ఉన్న ఈ బాక్స్ టర్ఫ్ మీద ఐదు చోట్ల వదిలి చూశాం. అంచు దగ్గర 88, మధ్యలో రెండు చోట్ల 97, 99, ఉత్తరం వైపు గోల్ ముందు 108, క్రికెట్ బౌలర్లు కాలు వేసే చోట 112.

ఈ అంకెల్లోనే సమీక్ష సగం ఉంది. ఒకే గ్రౌండులో పది అడుగుల తేడాలో బంతి ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ లేస్తే, పాస్ అందుకునేవాడు కాలు పెట్టాలో తొడ పెట్టాలో తేల్చుకోలేడు. టర్ఫ్ పేరు రాయడం లేదు. డెల్టాలో ఇదే కొలతలతో, ఇదే సామానుతో వేసినవి ఇంకా ఉన్నాయి. కొలిచే పద్ధతి తెలిస్తే మీ ఊరి టర్ఫ్‌ను మీరే తూచుకోవచ్చు.

గీటురాయిగా మిజోరం ఫుట్‌బాల్ జట్టు ఐజ్వాల్ ఎఫ్‌సీ 2016–17 సీజన్‌ను పెట్టుకున్నాం. చిన్న జట్టు పెద్ద కప్పు కొట్టిందంటే అందరూ ఇంగ్లండ్ జట్టు లెస్టర్ పేరే చెబుతారు. మన ఊరి జట్లకు ఐజ్వాల్ పాఠం ఇంకా దగ్గర. 2015–16లో మొదటిసారి అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ–లీగ్ ఆడి, కింది డివిజన్‌కు జారిపోయిన జట్టు అది. గోవా క్లబ్బులు లీగ్ నుంచి తప్పుకోవడంతో మళ్ళీ చోటు దొరికింది. కోచ్‌గా ఖాలిద్ జమీల్ వచ్చాడు. జట్టులో ఎక్కువమంది మిజో కుర్రాళ్ళు, వాళ్ళకు తోడు మధ్యలో సిరియా ఆటగాడు అల్ అమ్నా, డిఫెన్స్ ముందు లైబీరియా ఆటగాడు ఆల్ఫ్రెడ్ జర్యాన్. 18 మ్యాచ్‌ల్లో 11 గెలిచి, 4 డ్రా చేసి, 3 ఓడి 37 పాయింట్లు తెచ్చుకున్నారు. రెండో స్థానంలో ఉన్న మోహన్ బగాన్‌వి 36. ఈశాన్య రాష్ట్రాల నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి జట్టు ఐజ్వాలే.

వాళ్ళ సొంత గ్రౌండు, మువల్పుయిలోని రాజీవ్ గాంధీ స్టేడియం, కృత్రిమ టర్ఫ్. మనకు పనికొచ్చే సంగతి ఇదే. బంతి ఎంత లేస్తుందో, తడి మీద ఎంత దూరం జారుతుందో ఇంటి జట్టు కాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది. వచ్చిన జట్టు అది తెలుసుకునేసరికి సగం ఆట అయిపోతుంది. కోనసీమ కుర్రాళ్ళు వేసవిలో ఎండిన చేలో, వానాకాలం బురదలో, టోర్నమెంటుకు కాలేజీ గ్రౌండులో ఆడతారు. వాళ్ళకు ఇల్లనదగ్గ నేల ఒకటి లేదు. వారానికి రెండు గంటల టర్ఫ్ ఆ లోటు తీర్చగలదా అన్నదే మా ప్రశ్న. జులై నుంచి అక్టోబరు దాకా తీరుస్తుంది, డబ్బు దండగ కాదు. మిగతా ఏడాది సగమే.

ముందు నేల సంగతి. పోచల మధ్య సన్నటి స్కేలు గుచ్చితే పొడవు 40 మిల్లీమీటర్లు వచ్చింది. పూర్తి సైజు ఫుట్‌బాల్ గ్రౌండుకు 50, 60 మిల్లీమీటర్ల గడ్డి వేసి, అడుగున సిలికా ఇసుక, దాని మీద రబ్బరు గుండ నింపుతారు. ఇసుక గడ్డిని కదలకుండా పట్టుకుంటుంది, రబ్బరు మోకాలికి మెత్తదనం ఇస్తుంది, బంతి ఎగరకుండా కొంచెం ఆపుతుంది. ఇక్కడ రబ్బరు దాదాపు లేదు. ఇది ప్రధానంగా క్రికెట్ కోసం వేసిన టర్ఫ్. రబ్బరు వేస్తే క్రికెట్ బంతి లేవదు, ఖర్చూ పెరుగుతుంది, పెద్ద వానకు తేలిపోయి అంచులకు చేరుతుంది. ఓనరు లెక్క అర్థం చేసుకోదగ్గదే. కానీ 97, 99 వచ్చింది అందుకే. గోల్ ముందు 108 రావడానికి కారణం వేరు: అందరూ తొక్కేచోట ఇసుక పక్కలకు పోయి, పోచలు చాపలా పడుకున్నాయి. వారానికొకసారి గట్టి ప్లాస్టిక్ పుల్లల చీపురుతో పోచలకు ఎదురు దిశలో ఊడ్చి, అంచున పేరుకున్న ఇసుకను మళ్ళీ మధ్యకు లాగితే ఈ అంకె దిగుతుంది. ఇద్దరు మనుషులకు గంటన్నర పని. ఇక్కడ నెలల తరబడి ఊడ్చినట్టు లేదు. పోచలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి.

అడుగున ఏముందన్నది డెల్టాలో అన్నిటికంటే పెద్ద విషయం. ఇక్కడ ఖాళీ స్థలం అంటే పల్లపు చేనే. చెరువు తవ్విన మట్టి తోలి మెరక చేసి, గ్రావెల్ పోసి, క్వారీ డస్ట్ పరిచి, రోలరు తొక్కిస్తారు. మట్టిని అరడుగు చొప్పున పొరలుగా పోసి, ఒక్కో పొరా తొక్కించి, ఒక వానాకాలం వదిలేసి అప్పుడు టర్ఫ్ వేస్తే నిలుస్తుంది. లారీలకు లారీలు ఒకేసారి గుమ్మరించి పైపైన తొక్కిస్తే మొదటి తుపానుకే ఎక్కడో ఒకచోట దిగుతుంది. దిగిందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీల దగ్గరుండే 3 మీటర్ల అల్యూమినియం బద్దను గడ్డి మీద ఆనించండి. కింద సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ టర్ఫ్ నైరుతి మూలలో 25 వచ్చింది. ఆ మూలకు నేల మీద పాస్ ఇస్తే బంతి చివర్లో గోడ వైపు వంగుతుంది. నేర్చుకునే పిల్లలు తమ కాలి తప్పనుకుని కాలు మార్చుకుంటారు. అందుకే చిన్న పిల్లలకు పాసింగ్ ఆ మూలలో పెట్టించకండి.

అరగంట వాన తర్వాత మిగతా గ్రౌండు ఇరవై నిమిషాల్లో ఆరింది, ఆ మూల ఆరలేదు. చుట్టూ కట్టిన డ్రైన్‌లో కొబ్బరి పిందెలు, ఈనెలు, ఇసుక కలిసి గడ్డకట్టాయి. అవి తీస్తే కొంత మెరుగవుతుంది. అయితే ముసురు పట్టి ఊరి మురుగు కాలువ నిండుగా పారుతున్న రోజున ఏ డ్రైనూ పనిచెయ్యదు. నీళ్ళు పోవడానికి చోటే ఉండదు. అలాంటి రోజున స్లాట్ తీసుకోకండి.

అతుకులు కూడా కాలితో నొక్కి చూడాలి. టర్ఫ్ పట్టీలుగా వస్తుంది, కింద టేపు వేసి జిగురుతో అతుకుతారు. తెల్ల గీతలు కోసి అతికించినవైతే వాటి అంచులూ అతుకులే. ఇక్కడ మధ్య గీత పక్కన జానెడు మేర లేచి ఉంది. షూ ముక్కు అందులో ఇరుక్కుంటే చీలమండ మడతపడుతుంది. ఆ రోజుకు దాని మీద ఒక కోన్ పెట్టుకుని ఆడటం తప్ప ఆటగాళ్ళు చేయగలిగింది లేదు. బాగుచేయించాల్సింది ఓనరే.

ఇక బోను, అంటే చుట్టూ నెట్టు కట్టిన ఈ గ్రౌండు. పొడవు 100 అడుగులు, వెడల్పు 60. మీటర్లలో చెప్తే సుమారు 30, 18. అయిదుగురు అయిదుగురు గట్టి కోర్టు మీద ఆడే ఫుట్‌సాల్‌కు వాడే 40, 20 మీటర్ల కోర్టు కన్నా చిన్నది. అయిదుగురు అయిదుగురు ఆడితే బాగుంటుంది, ఏడుగురు దిగితే సంతే. ఈ ఇరుకు కొన్నిటికి వరం. బంతి అందుకున్న క్షణంలో ఎదుటివాడు మీద పడతాడు కాబట్టి మొదటి టచ్ పదునెక్కుతుంది. బంతి పోగొట్టుకోగానే వెనక్కి పరుగెత్తడం, గెలుచుకోగానే ముందుకు ఒకే పాస్ వెయ్యడం బాగా కుదురుతాయి. తక్కువ గోల్స్‌తో గెలవాల్సిన జట్టుకు కావలసింది ఇదే.

కానీ ఐజ్వాల్ సీజన్‌ను తిప్పిన గోల్ ఈ బోనులో సాధన చెయ్యలేరు. 2017 ఏప్రిల్ 22న మోహన్ బగాన్‌తో ఇంట్లో మ్యాచ్. 83వ నిమిషంలో కార్నర్ వచ్చింది, డిఫెండర్ జొమింగ్‌లియానా రాల్తే తలతో కొట్టాడు, 1–0. ఆ ఒక్క హెడర్ లేకపోతే ఆ రోజు మ్యాచ్ డ్రా. 37, 36 లెక్కలో అప్పుడు ఎవరు పైన ఉండేవారో చూసుకోండి. పూర్తి సైజు గ్రౌండు వెడల్పు 68 మీటర్లయితే కార్నర్ జెండా నుంచి దగ్గరి గోల్‌పోస్టుకు 30 మీటర్లు. ఇక్కడ గ్రౌండు మొత్తం వెడల్పే 18. గాల్లో అంతదూరం వచ్చే బంతిని కళ్ళతో కొలిచి, రెండడుగులు ఆలస్యంగా బయల్దేరి, ఎగిరి కొట్టడం బోనులో నేర్పలేం. క్రాస్‌లూ అంతే, గోల్‌కీపరు బయటికొచ్చి బంతి పట్టడమూ అంతే. ఏడాదంతా టర్ఫ్ మీదే ఆడిన జట్టు కాలేజీ గ్రౌండులో మొదటి కార్నర్‌కే గోల్ ఇచ్చేది ఇందుకే.

నెట్టుతో ఇంకో చిక్కుంది. బంతి నెట్టుకు తగిలి తిరిగొస్తుంటే ఆట ఆగదు, సరదాగానే ఉంటుంది. ఆ అలవాటుతో పక్క గీత దగ్గర కాలు నెమ్మదిస్తుంది. పెద్ద గ్రౌండులో అదే బంతి త్రోగా అవతలి జట్టుకు పోతుంది. అందువల్ల సాధనలో ఒక నియమం పెట్టుకోండి: బంతి నెట్టుకు తగిలితే బయటికి పోయినట్టే, అవతలి జట్టు కాలితో లోపలికి వేస్తుంది. మొదటి వారం అందరూ గొణుగుతారు, మూడో వారానికి గీత ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది.

బంతి ఎంపికతో ఈ నేల లోపాన్ని చాలావరకు కప్పెయ్యొచ్చు. మామూలు 5వ నంబరు బంతి చుట్టుకొలత 68–70 సెంటీమీటర్లు, బరువు 410–450 గ్రాములు. గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉండొచ్చు. షాపులో పంపుతో రాయిలా కొట్టించుకొచ్చి ఇక్కడ ఆడితే బంతి కోతిలా గెంతుతుంది. 8.5, 9 దగ్గర ఆపండి. ఇంకా మంచిది ఫుట్‌సాల్ బంతి. చుట్టుకొలత 62–64, బరువు 400–440, 2 మీటర్ల నుంచి వదిలితే 50–65 సెంటీమీటర్లే లేచేలా చేస్తారు. గట్టి కోర్టుకు పెట్టిన కొలత అది, ఈ టర్ఫ్‌కూ సరిపోతుంది. అయితే టోర్నమెంటుకు పది రోజుల ముందు దాన్ని పక్కనపెట్టి మళ్ళీ 5వ నంబరు పట్టుకోవాలి. గాలి కొట్టేటప్పుడు సూదిని తడిచేసి నిటారుగా దించాలి. పొడిసూదిని వంకరగా పొడిస్తే వాల్వు చిరుగుతుంది, ఆ తర్వాత రోజూ గాలి కొట్టుకోవడమే పని. బంతి నెట్టు దాటి పంట కాలువలో పడితే ఉతికి నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే కుట్లు బిగుసుకుని తోలు పొట్టులా లేస్తుంది.

షూ విషయంలో మాత్రం రాజీ లేదు. పొట్టి రబ్బరు స్టడ్‌లు నిండుగా ఉన్న టర్ఫ్ షూ వేసుకోవాలి. గడ్డి గ్రౌండు కోసం చేసిన పొడుగు స్టడ్‌లు ఇసుక నిండిన టర్ఫ్‌లో దిగబడతాయి. ఒళ్ళు తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ భారం మోకాలి మీద పడుతుంది. ఒట్టి కాళ్ళతో ఆడితే అరికాలు కాలుతుంది, జారితే తోలు లేచిపోతుంది. అలా గీరుకుంటే సబ్బునీళ్ళతో కడిగి ఇసుక రేణువులన్నీ తీసెయ్యాలి. పౌడరు, పసుపు అద్దకండి, లోపల ఇసుక ఉండిపోయి చీము పడుతుంది. పొడుగు సాక్స్ వేసుకుంటే సగం గీతలు తప్పుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటాక టర్ఫ్ మీద ఆడొద్దు. మధ్యాహ్నం ఎండకు కృత్రిమ గడ్డి 60 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు చల్లితే కాసేపే చల్లదనం, ఆ తర్వాత అదే తడి ఆవిరై ఉక్కపోతను పెంచుతుంది. మన గాలిలో తేమకు చెమట ఆరదు, పిక్కలు పట్టేస్తాయి. ఉప్పు వేసిన మజ్జిగ సీసా ఒకటి గోల్ వెనక పెట్టుకోండి.

లైట్లకు పూర్తి మార్కులు లేవు. ఎనిమిది ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు, రెండు పనిచెయ్యడం లేదు. ఎత్తు తక్కువ కావడంతో పైకి లేచిన బంతిని చూస్తే గోల్‌కీపరు కళ్ళలో కొడతాయి. చుట్టూ సార్వా చేలు ఉన్న టర్ఫ్‌కు అక్టోబరులో ఇంకో బాధ, పచ్చదోమ. పంట ఈనాక లైటు చుట్టూ మబ్బులా మూగుతుంది, కళ్ళలో, నోట్లో పడుతుంది. ఆ మూడు నాలుగు వారాలు సాయంత్రం స్లాట్ మానేసి తెల్లవారి అయిదున్నరకు రండి. డబ్బూ ఆదా.

రేటు తెల్లవారి గంటకు 600, సాయంత్రం ఆరు దాటాక 1000. పన్నెండు మంది పంచుకుంటే సాయంత్రం మనిషికి 84, ఉదయం 50. వారానికి రెండు ఉదయాలు, నెలకు ఎనిమిది గంటలు అంటే 4,800. వాట్సాప్‌లో బుకింగ్, సగం అడ్వాన్సు. వాన పడితే డబ్బు వెనక్కివ్వరు, వేరే స్లాట్ ఇస్తారు. ఇది ముందే రాతలో పెట్టించుకోండి. సాయంత్రం గంటలో నికరంగా మిగిలేది 50 నిమిషాలే. ముందు బ్యాచ్ క్రికెట్ వాళ్ళు స్టంపులు తీసి బయటికి వచ్చేసరికి అయిదారు నిమిషాలు పోతాయి, చివర్లో తర్వాతి బ్యాచ్ గేటు దగ్గర నిలబడుతుంది. తాగునీళ్ళు ఉన్నాయి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది, ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది లేదు. ప్రథమ చికిత్స పెట్టెలో దూది తప్ప ఏమీ లేదు. ఐస్ పట్టుకెళ్ళండి.

ఆ 50 నిమిషాలను మ్యాచ్ ఆడి పోగొట్టుకునే జట్లే ఎక్కువ. మొదటి ఎనిమిది నిమిషాలు వార్మప్, బంతితోనే. తర్వాత పన్నెండు నిమిషాలు నలుగురు చుట్టూ, ఇద్దరు మధ్యలో, రెండు టచ్‌లకు మించకుండా పాసింగ్. తర్వాత ఇరవై నిమిషాలు అయిదుగురు అయిదుగురు, ఒకే షరతు: బంతి గెలుచుకున్నాక ఎనిమిది సెకన్లలో గోల్‌కు కొట్టాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. చివరి పది నిమిషాలు ఒక జట్టు 1–0తో ముందుందనుకుని ఆడాలి. వెనకబడ్డవాళ్ళు ఆరుగురు, కాచుకునేవాళ్ళు అయిదుగురు. షిల్లాంగ్‌లో 2017 ఏప్రిల్ 30న, లీగ్ ఆఖరి మ్యాచ్‌లో, ఐజ్వాల్ చేసింది ఇలాంటి పనే. తొమ్మిదో నిమిషంలో అక్కడి జట్టు లజాంగ్ తరఫున దిపాండా డికా గోల్ కొట్టాడు, 67వ నిమిషంలో విలియం లాల్నున్‌ఫెలా సమం చేశాడు. అక్కడ కోల్‌కతాలో బగాన్ గెలుస్తోంది. ఇంకో గోల్ ఇవ్వకుండా ఆ చివరి నిమిషాలన్నీ కాచుకున్నారు, కప్పుకు డ్రా చాలింది. కాచుకోవడం కూడా సాధనతో వచ్చేదే, దానికి ఈ బోను బాగా పనికొస్తుంది.

అయిదుకు మూడు మార్కులు. గడ్డి ఊడ్చి, అతుకు వేయించి, నైరుతి మూల ఎత్తి మళ్ళీ పరిపిస్తే నాలుగు ఇవ్వొచ్చు. బుక్ చేసేముందు ఓనరును మూడు అడగండి: ఆఖరిసారి ఎప్పుడు ఊడ్చారు, ఇసుక ఎప్పుడు నింపారు, వాన స్లాట్ ఎన్నాళ్ళు చెల్లుతుంది. మొదటి రెండింటికి తేదీ చెప్పలేకపోతే ఉదయం రేటుకు మించి ఇవ్వకండి.

దాళ్వా కోతలయ్యాక, ఏప్రిల్ చివర నుంచి కాలువలకు నీళ్ళు వదిలేదాకా టర్ఫ్ మానెయ్యండి. రైతును అడిగి, కోత మిషన్ చైన్ల గాళ్ళు పడని చేను చూసుకోండి. మోళ్ళు కోయించి, పల్లేరు కాయలు ఏరి, నెర్రెల్లో మట్టి కప్పండి. 7.32 మీటర్ల దూరంలో రెండు వెదుళ్ళు పాతి, 2.44 మీటర్ల ఎత్తున తాడు కట్టండి. దగ్గరి వెదురుకు 30 మీటర్ల అవతల, అదే గీత మీద, జెండా గుచ్చండి. రోజూ సాయంత్రం కుడివైపు నుంచి ఇరవై, ఎడమవైపు నుంచి ఇరవై కార్నర్లు. కొట్టేవాడు ఒక్కడే ఉండాలి, తలపెట్టేవాళ్ళు మాత్రం మారుతుండాలి.